ఏమీ కాలేదు కదా!

మన ఇళ్లల్లో రోజుకు పదిసార్లయినా వినిపించే మాట ఒకటుంది. చెవికి చల్లగానే ఉంటుంది గానీ, అది చేసే చెరుపు ఇంతా అంతా కాదు. ‘‘పోనిద్దురూ, ఏమీ కాలేదు కదా!’’ - ఇదీ ఆ మాట.

రాత్రి గ్యాసు కట్టెయ్యడం మరిచి పడుకుంటారు. తెల్లవారి లేచేసరికి వంటిల్లంతా వాసన. కిటికీలు బార్లా తెరిచి, కాసేపు ఆగి, ‘‘ఏమీ కాలేదు కదా!’’ అనుకుని కాఫీకి నీళ్లు పెడతారు. ఆ రబ్బరు ట్యూబు మార్చి ఎన్నేళ్లయిందో చూసేవాళ్లు నూటికొకరు. పిల్లవాడు మిద్దె పిట్టగోడ ఎక్కి గాలిపటం ఎగరేస్తుంటే పక్కింటావిడ చూసి, గుండె చిక్కబట్టుకుని వాణ్ణి కిందికి దింపుతుంది. ‘‘ఏమీ కాలేదు కదక్కా, వాళ్ల నాయనతో అనొద్దు, కొడతాడు’’ అని తల్లి బతిమాలుకుంటుంది. బెంగళూరు నుంచి వస్తుంటే మొగిలి ఘాట్లో ఎదురొచ్చిన లారీ కారు అద్దాన్ని గీరుకుంటూ పోతుంది. ఇల్లు చేరగానే కారు చుట్టూ గుమ్మడికాయ తిప్పి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ డ్రైవరు ఎన్ని గంటలుగా కంటిమీద కునుకు లేకుండా నడుపుతున్నాడో మాత్రం అడగం.

దిష్టి తియ్యొద్దని నేననను. తీసిన తరవాత ఆ డ్రైవరును కూర్చోబెట్టి ఇంత అన్నం పెట్టి, ‘‘నాయనా, నిన్న ఎప్పుడు పడుకున్నావు?’’ అని అడగాలి కదా అంటాను. అడగకపోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు గడప దాటి, వీధి దాటి, ఆకాశం దాకా పాకింది. ఇవాళ నా తగువంతా ఆ ఆకాశం గురించే.

‘‘పూతలపట్టులో కూర్చున్నదానివి, విమానాల గొడవ నీకెందుకమ్మా?’’ అంటారేమో. నిజమే, మాది మూడు దారులు కలిసే ఊరు. ఒకటి చిత్తూరుకు, ఒకటి తిరుపతికి, ఒకటి పీలేరు మీదుగా కడప పక్కకు. విమానాశ్రయం ఉన్న ఊరు కాదు. అయినా విమానం సంగతి పట్టని ఇల్లు ఇప్పుడు ఎన్ని ఉన్నాయో చెప్పండి. మామిడికాయలమ్మి, బెల్లమమ్మి చదివించిన కొడుకు బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కంపెనీవాళ్లు వాణ్ణి ఒకసారి కలకత్తాకు పంపుతారు, ఇంకోసారి ఢిల్లీకి పంపుతారు. పీలేరు, రాయచోటి వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు కువైట్‌కు ఇంటిపనికి పోతున్నారు. ‘‘అమ్మా, ఎక్కినా’’ అని ఒక ఫోను. ‘‘అమ్మా, దిగినా’’ అని ఇంకో ఫోను. ఈ రెండు ఫోన్ల నడుమ తల్లి ప్రాణం ఎక్కడుంటుందో తల్లికే ఎరుక. ఆ నడుమ పైన ఏం జరిగిందో అడిగే హక్కు పట్నంలో ఉన్న తల్లికి ఎంతుందో పూతలపట్టులో ఉన్న తల్లికీ అంతే ఉంది.

2022 జనవరిలో ఒక ఉదయం జరిగింది చెబుతాను, వినండి.

మాకు దగ్గరలో ఉన్న పెద్ద విమానాశ్రయం బెంగళూరుది. అక్కడ పక్కపక్కనే రెండు రన్‌వేలు. ఉత్తరపు దానికి ఒక నియంత్రకుడు, దక్షిణపు దానికి ఒక నియంత్రకుడు. ఆ ఉదయం షిఫ్టుకు పెద్దగా ఉన్న అధికారి, దక్షిణపు రన్‌వేను మూసి, రాకపోకలన్నీ ఉత్తరపు దాని మీదనే కానిద్దామని నిర్ణయించారు. ఆ కబురు దక్షిణం వైపు కూర్చున్న మనిషికి అందలేదు. పెళ్లివారింట్లో రెండు వాకిళ్లలో ఒకటి మూసెయ్యమన్న పెద్దాయన, ఆ వాకిట్లో నిలబడ్డవాడికే ఆ మాట చెప్పడం మరిచిపోతే ఏమవుతుంది? వాడు పాపం తన పని తాను చేసుకుంటూ జనాన్ని పంపుతూనే ఉంటాడు. అదే జరిగింది. ఇటు నుంచి కలకత్తాకు ఒక విమానం, అటు నుంచి భువనేశ్వర్‌కు ఒక విమానం, అయిదారు నిమిషాల తేడాలో లేచాయి. రెండూ ఇండిగోవారివే. రెండింటి దారీ ఒకే పక్కకు. పైకి లేచి ఒకదానికొకటి దగ్గరవుతూ పోయాయి.

రాడార్ తెర ముందున్న నియంత్రకుడు అది చూశాడు. ఒక విమానాన్ని ఇటు, ఇంకొకదాన్ని అటు తిప్పమన్నాడు. తిప్పారు. రెండింటిలో కలిపి 426 మంది. ఎవరి ఊరికి వాళ్లు క్షేమంగా చేరారు. ‘‘అమ్మా, దిగినా’’ అనే ఫోన్లన్నీ వేళకే మోగాయి.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. మనుషులన్నాక పొరపాటు పడతారు, పడ్డ పొరపాటును ఇంకో మనిషి దిద్దాడు. ఆ దిద్దినాయనకు చేతులెత్తి దణ్ణం పెడతాను. నా కోపమల్లా ఆ తరవాత జరిగినదాని మీద. ఈ సంఘటన ఏ లాగ్‌బుక్కులోనూ ఎక్కలేదని, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి తమకు నివేదిక రాలేదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులే చెప్పారు. అది మన పత్రికలకెక్కింది జనవరి 19న. అంటే ఎన్నో రోజుల తరవాత.

అమ్మలారా, మనం పాలప్యాకెట్ల లెక్క క్యాలెండరు మీద రాసుకుంటాం. ఇస్త్రీకి వేసిన బట్టల పద్దు రాసుకుంటాం. చీటీపాటలో ఎవరు ఏ నెల పాడారో పదేళ్ల తరవాత కూడా నోటికి చెబుతాం. 426 ప్రాణాలు గాలిలో వేలాడిన ఉదయాన్ని రాసుకోవడానికి ఒక్క పంక్తి చోటు దొరకలేదా? చోటు లేక కాదు. ఏమీ కాలేదు కదా, అందుకని!

మాకు పక్కనే కాణిపాకం. వరసిద్ధి వినాయకుడి ఎదుట ప్రమాణం చెయ్యమంటే దొంగసాక్షి చెప్పేవాడికి కాళ్లు వణుకుతాయని పేరు. అక్కడ అడిగేది ‘‘జరిగిందా, లేదా?’’ అని. ‘‘ఎవరైనా చచ్చారా?’’ అని కాదు. ఎవరూ చావలేదు కాబట్టి జరగనట్టే అనే వాదన ఆ స్వామి ముందు నిలవదు. ఆఫీసుల్లో మాత్రం ఎందుకు నిలవాలి?

‘‘అంత భయమెందుకు? గుద్దుకోకుండా చూసే పెట్టె ఇప్పుడు ప్రతి విమానంలోనూ ఉందిగా’’ అనే మగవాళ్లు మనిళ్లల్లో ఉంటారు. ఉంది. అది ఎట్లా వచ్చిందో కూడా వాళ్లే చెబితే బాగుండేది. 1996 నవంబరు 12న ఢిల్లీకి దగ్గర్లో, చర్ఖీ దాద్రీ దగ్గర, పైకి లేస్తున్న సౌదీ విమానమూ కిందికి దిగుతున్న కజకిస్తాన్ విమానమూ ఎదురెదురుగా గుద్దుకున్నాయి. 349 మంది పోయారు. సౌదీ విమానంలో పొట్టకూటికి పరదేశం పోతున్నవాళ్లు ఎందరో. 15,000 అడుగుల దగ్గర ఆగాల్సిన విమానం ఇంకా కిందికి దిగింది. ఎవరు ఎంత ఎత్తులో ఉన్నారో చూపించే రాడార్ అప్పటికి ఢిల్లీలో పనిలోకి రాలేదు. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకటే దారి. ఇవన్నీ తెలిసిన లోట్లే. 349 మంది పోయాక గానీ దారులు వేరు కాలేదు, ఆ పెట్టె తప్పనిసరి కాలేదు.

ఆ పెట్టె చేసే పని గొప్పదే. ఈ విమానంలో పెట్టె ఆ విమానంలో పెట్టెతో మాట్లాడుకుంటుంది. ‘‘నువ్వు పైకి పో, నేను కిందికి దిగుతా’’ అని క్షణాల్లో తేల్చుకుని పైలట్లకు చెబుతుంది. 2018 ఫిబ్రవరి 7 రాత్రి ముంబయి గగనతలంలో భోపాల్ పోయే ఎయిర్ ఇండియా విమానమూ పుణే పోయే విస్తారా విమానమూ దగ్గరకొచ్చేశాయి. నిలువున వెయ్యి అడుగుల ఎడం ఉండాల్సిన చోట వంద అడుగులు మిగిలిందని వార్తలొచ్చాయి. వంద అడుగులంటే ఒక పెద్ద కొబ్బరిచెట్టు. ఎయిర్ ఇండియా విమానం నడిపింది కెప్టెన్ అనుపమా కోహ్లీ. పెట్టె చెప్పిన మాట విని, తడబడకుండా విమానాన్ని తప్పించింది. ‘ఆడవాళ్లకు కారు నడపడం రాదు’ అని వెక్కిరించేవాళ్లు ఈ పేరు కాస్త జ్ఞాపకం పెట్టుకుంటే మంచిది.

అయితే పెట్టెకూ ఒక హద్దుంది. నేలకు వెయ్యి అడుగుల లోపలికి వచ్చాక అది ‘పైకి పో, కిందికి దిగు’ అని చెప్పదు. అంటే విమానాశ్రయం దగ్గరపడే కొద్దీ, విమానాలు గుంపుగా చేరే చోటనే, మళ్లీ మనిషి కంటి మీద, మనిషి నోటి మీద ఆధారపడాలి. ఆ మనిషికి కంటినిండా నిద్ర ఉందా, పక్కవాడు కబురు చెప్పాడా అన్నది అప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రశ్న. దేశంలో విమానాల నియంత్రకులు చాలినంతమంది లేరని, ఉన్నవాళ్లు అలిసిపోతున్నారని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే చెప్పింది. మొగిలి ఘాట్ డ్రైవరును అడగాల్సిన ప్రశ్నే ఇక్కడా అడగాలి.

తప్పిన ప్రమాదాన్ని అక్కడితో వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి రెండు తేదీలు చాలు.

మొదటిది 2001 జనవరి 31. జపాన్ ఆకాశంలో జపాన్ ఎయిర్‌లైన్స్ వారివే రెండు పెద్ద విమానాలు. రెండింటిలో కలిపి 677 మంది. నియంత్రకులు ఒక విమానానికి చెప్పబోయి, నంబరు తడబడి, ఇంకో విమానాన్ని కిందికి దిగమన్నారు. అదే క్షణంలో ఆ విమానంలో పెట్టె ‘పైకి పో’ అంది. పైలట్ మనిషి మాట విని కిందికి దిగాడు. ఎదుటి విమానం తన పెట్టె మాట విని అదీ కిందికే దిగింది. ఆఖరి క్షణంలో ఒకరినొకరు కళ్లారా చూసుకుని తప్పించుకున్నారు. ఆ కుదుపుకు వందమంది దాకా దెబ్బలు తగిలాయి గానీ, ప్రాణం ఒక్కటీ పోలేదు. పెట్టె మాటా మనిషి మాటా ఎదురైతే ఎవరి మాట వినాలి? ప్రపంచమంతా ఆ రోజే కూర్చుని, అందరికీ ఒకటే కట్టుబాటు గట్టిగా రాసుకోవాల్సిన ప్రశ్న అది. రాసుకోలేదు.

రెండో తేదీ 2002 జులై 1. సరిగ్గా పదిహేడు నెలలు. జర్మనీలో ఉబర్లింగెన్ అనే ఊరి మీద, అర్ధరాత్రికి కాస్త ముందు. ఒకటి సరుకు విమానం. రెండోది రష్యా నుంచి స్పెయిన్‌కు సెలవులకు పోతున్న బడిపిల్లల విమానం. జూరిచ్‌లో నియంత్రణ గదిలో ఒకే ఒక్క మనిషి. ఇంకొకాయన విశ్రాంతికి పోయాడు. మరమ్మతుల కోసమని టెలిఫోను లైనూ పనిచెయ్యడం లేదు. ఆ ఒక్క మనిషి పిల్లల విమానాన్ని ‘దిగు’ అన్నాడు. పెట్టె ‘పైకి పో’ అంది. పైలట్లు మనిషి మాట విన్నారు. సరుకు విమానం పెట్టె మాట విని దిగుతోంది. జపాన్‌లో తప్పినదే ఇక్కడ తప్పలేదు. 71 మంది. అందులో ఎక్కువమంది పిల్లలు. వాళ్ల తల్లులకు ‘‘ఎక్కినాం’’ అన్న కబురే మిగిలింది.

పెట్టె చెప్పిందే వినాలని ఆ తరవాత గట్టిగా రాసుకున్నారు. ఆ కట్టుబాటును పదిహేడు నెలల ముందు, ఒక్క ప్రాణం ఖర్చు లేకుండా, జపాన్ ఆకాశం మన చేతిలో పెట్టింది. తీసుకోలేదు. తప్పిన ప్రమాదమంటే ఫీజు తీసుకోకుండా చెప్పే పాఠం. దాన్ని వినకపోతే అదే పాఠాన్ని తరవాత ప్రాణాలిచ్చి కొనుక్కోవాలి.

రాసుకున్నంత మాత్రాన సరిపోతుందా అంటే, అదీ చాలదు. 2025 జనవరి 29 రాత్రి అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, దిగబోతున్న ప్రయాణికుల విమానాన్ని సైనిక హెలికాప్టర్ గుద్దింది. నదిలో పడి 67 మంది పోయారు. గుద్దుకున్నది సుమారు 300 అడుగుల ఎత్తులో. ఇందాక చెప్పిన హద్దుకు బాగా కిందన్న మాట. తరవాత దర్యాప్తువాళ్లు పాత లెక్కలు తీస్తే ఏం తేలిందో తెలుసా? ఆ ఒక్క విమానాశ్రయం దగ్గర 2021 అక్టోబరు నుంచి 2024 డిసెంబరు దాకా విమానాలూ హెలికాప్టర్లూ ఉండాల్సినదానికంటే దగ్గరగా వచ్చిన సందర్భాలు 15,214. అందులో 85 సార్లు మరీ మీదమీదికి వచ్చాయి. లెక్కలన్నీ యంత్రాల్లో భద్రంగా ఉన్నాయి. కూడినవాళ్లే లేరు. పద్దు పుస్తకంలో రాసి, నెలాఖరుకు కూడకుండా అటక మీద పడేసినట్టు!

మరి ఎవరూ ఎందుకు చెప్పరు? చెబితే కొడతారు కాబట్టి. పిట్టగోడ ఎక్కిన పిల్లవాడి తల్లి ‘‘వాళ్ల నాయనతో అనొద్దు’’ అన్నది అందుకే కదా. మన దగ్గర ఇలాంటి వార్త బయటికి రాగానే మొదట వినపడే మాట ‘‘బాధ్యులపై కఠిన చర్యలు’’. చదివి మనమూ తృప్తిగా తల ఊపుతాం. కాస్త ఆలోచించండి. గాజుగ్లాసు పగలగొట్టాను అని వచ్చి చెప్పిన పిల్లవాణ్ణి వీపు చిట్లేలా కొడితే, రెండోసారి వాడు పెంకులన్నీ మంచం కిందికి తోసేస్తాడు. ఆ పెంకు ఏ అర్ధరాత్రో మన కాలికే గుచ్చుకుంటుంది. తాగి పనిలోకి వచ్చినవాణ్ణి, తెలిసి తప్పు చేసినవాణ్ణి, జరిగినదాన్ని దాచినవాణ్ణి శిక్షించండి. ‘‘నావల్ల పొరపాటు జరగబోయింది, ఎందుకంటే ఇదీ’’ అని తనంత తాను చెప్పుకున్నవాణ్ణి మాత్రం కాపాడాలి.

ఇది నా వంటింటి వేదాంతం కాదు. 1974 డిసెంబరు 1న అమెరికాలో ఒక విమానం దిగబోతూ కొండను గుద్దుకుంది. 92 మంది పోయారు. ఆరు వారాల ముందు ఇంకో కంపెనీ విమానం అదే చోట, అదే పొరపాటుతో, అదే కొండను తృటిలో తప్పించుకుంది. వాళ్లు తమ కంపెనీ పైలట్లను హెచ్చరించుకున్నారు. ఆ కబురు పక్క కంపెనీకి చేరలేదు. ఆ దుఃఖం నుంచి 1976లో ఒక పద్ధతి పుట్టింది. పైలట్లు గానీ నియంత్రకులు గానీ తమకు జరగబోయిన ప్రమాదాన్ని రాసి పంపితే, పేరు గుట్టుగా ఉంచుతారు. పాఠాన్ని అందరికీ పంచుతారు. తెలియక చేసిన పొరపాటును అలా చెప్పుకున్నవాళ్లకు శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. ఉత్తరాలు అందుకునేది శిక్షించే సంస్థ కాదు, అంతరిక్ష పరిశోధన చేసే నాసా. మన దేశంలోనూ స్వచ్ఛందంగా చెప్పుకునే పద్ధతి కాగితం మీద ఉంది. కాగితం మీదున్న వంకాయ కూరకొస్తుందా? చెప్పినవాడికి ఏమీ కాదన్న నమ్మకం కలిగినప్పుడే ఆ కాగితానికి విలువ.

‘‘ఇవన్నీ బయటపెడితే జనం భయపడి విమానం ఎక్కడం మానేస్తారు’’ అని ఇంకో వాదన. ముఖ్యంగా ఆడవాళ్లు బెదిరిపోతారట! అయ్యా, పురుడు పోసుకున్నవాళ్లం, జ్వరం వచ్చిన పిల్లల పక్కన తెల్లవార్లూ కూర్చున్నవాళ్లం. మాకు నిజం చెబితే భయం వెయ్యదు. దాచిపెట్టారని తరవాత తెలిస్తే వేస్తుంది. రోడ్డు కంటే విమానం ఎంతో క్షేమమన్నది నిజమే. అంత క్షేమంగా ఎందుకుందంటే, దశాబ్దాలుగా ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు జరిగినదాన్ని నిజాయితీగా రాశారు, ఇంకొకరు దాన్ని చదివి దిద్దారు. ఆ రాతను ఆపేసి క్షేమం మాత్రం అట్లాగే ఉండాలంటే, పొయ్యి ఆర్పేసి అన్నం ఉడకాలన్నట్టే.

2024 జూన్‌లో మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రి అయినప్పుడు, మన తెలుగుబిడ్డ అని మురిసిపోయాం. మురిసిన నోటితోనే ఆ శాఖను అడుగుదాం. విమానాలు ఉండాల్సినదానికంటే దగ్గరగా వచ్చిన ప్రతి సంఘటనా, ఎవరికీ గీత పడకపోయినా సరే, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు జరిగిందో జనానికి అర్థమయ్యే భాషలో బయటపెట్టండి. ఆ విమానాల్లో ఉన్నవాళ్లకు పత్రికలకంటే ముందు మీరే చెప్పండి. తనంత తాను చెప్పుకున్నవాడి ఉద్యోగానికి భరోసా ఇవ్వండి. టవర్లలో మనుషుల్ని నింపండి, వాళ్లకు నిద్ర ఇవ్వండి. షిఫ్టు మారినా, రన్‌వే మారినా ఆ కబురు అందరికీ అందిందని నోటితో చెప్పించుకుని, చేత్తో రాయించుకోండి. ఇందులో చంద్రమండలం నుంచి తేవాల్సిన వస్తువు ఒక్కటీ లేదు.

మనం చెయ్యాల్సిందీ కొంచెం ఉంది. రేపు ఏ పేపర్లోనో ఓ మూల ‘తృటిలో తప్పిన పెను ప్రమాదం’ అని నాలుగు పంక్తులు కనిపిస్తే, ‘‘అంతా ఆ ఏడుకొండలవాడి దయ’’ అని పేజీ తిప్పెయ్యకండి. దయ ఆయనదే, కాదనను. ఆయన తన పని తాను చేశాడు. కింద కుర్చీల్లో కూర్చున్నవాళ్లు తమ పని చేశారో లేదో అడగడం మన వంతు. ఒక కార్డు ముక్క రాయండి, పత్రికకు రాయండి, మీ ఎంపీకి రాయండి. ‘‘మా పిల్లలు ఆ విమానాల్లో తిరుగుతారు. ఆ రోజు ఏం జరిగింది? మళ్లీ జరక్కుండా ఏం చేశారు?’’ - ఈ రెండే ప్రశ్నలు. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉండండి.